మూడు-పదిహేడు నంబరు కొక్కేలు

సంజో
1999 సెప్టెంబరు 28

తమ్ముడు యసుజికి,

ఇక్కడ కోతలు అయిపోయాయి. పొలాల్లో ఊక తగలబెడుతున్నారు. ఆ పొగ కార్ఖానా దాకా వచ్చి నా దగ్గుకి తోడవుతోంది. మీ హచినొహేలో అప్పుడే స్వెట్టర్లు తీశారా? ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి చలికాలమని వేరే ఒకటి ఉంటుందా అంటారు మన పాత మేస్త్రీ మొరియా గారు. అరవై ఏడేళ్ళు వచ్చినా ఆయన నోటికి మాత్రం వయసు రాలేదు.

ముందు మంచి కబురు. మన కొలిమికి నాణ్యత సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టాను. అదే, ఐఎస్ఓ అంటున్నారే, అది. పడవలకి సామాను కొనిపెట్టే ఉత్తరాది జాలరుల సమాఖ్య వాళ్ళు, వచ్చే ఏడాది నుంచి ఆ కాగితం ఉన్నవాళ్ళ దగ్గరే కొంటామని చెప్పేశారు. ఎనిమిది మంది ఉన్న కొలిమికి ఇదంతా ఎందుకని మొదట్లో నేనూ విసుక్కున్నాను. ఇప్పుడు ఆ మాట అనను. మీ బావ పోయినప్పుడు సగం పనితనం ఆయన తలలోనే ఉండి ఆయనతోపాటే కాలిపోయింది కదా. ఈసారి ఎవరి తలలో ఉన్నదైనా సరే కాగితం మీదికి రావాల్సిందే. ఇనుము ఎక్కడ కొన్నాం, ఎవరు కాల్చారు, ఎవరు నీళ్ళు పట్టించారు, ఎవరు లాగి చూశారు, అంతా లాటు నంబరు కింద రాసి ఉండాలి. ఏడాదిలో కొత్త పనివాళ్ళు ఇద్దరు చేరారు. ఇదివరకు మూడేళ్ళు పట్టే పని ఆరు నెలల్లో పట్టుబడింది వాళ్ళకి. పాడై పక్కన పడేసే కొక్కేలు సగానికి తగ్గాయి. సర్టిఫికెట్ రాకముందే కోబె నుంచి క్రేన్లవాళ్ళు ఒకరు ధర అడిగారు.

మొరియా గారితోనే కష్టం. నీళ్ళు పట్టించే ముందు ఇనుము ఏ రంగులో ఉండాలో రాయమంటే, "సాయంత్రం సూర్యుడు యహికో కొండకి నాలుగు వేళ్ళ ఎత్తున ఉన్నప్పటి రంగు" అని రాసిచ్చారు. మరి మబ్బు పట్టిన రోజు ఏం చేస్తారని అడిగాను.

"మబ్బు పట్టిన రోజు మనసులో చూస్తానమ్మా" అన్నారు.

చివరికి వేడి కొలిచే పరికరం తెచ్చి పెడితే, ఆయన రంగుకీ అది చెప్పే అంకెకీ ఎనిమిది డిగ్రీలు తేడా వచ్చింది. తేడా పరికరానిదేనట.

ఒక చిన్న విచిత్రం. జూలై నుంచి నెలకొకటి చొప్పున పాత కొక్కెం ఒకటి పోస్టులో వస్తోంది. వల లాగే వించికి తగిలించే పెద్ద కొక్కెం, మన కొలిమిదే. మెడ దగ్గర మన గుర్తు ఉంది, కింద 3-17 అని కొట్టి ఉంది. ఉత్తరం లేదు, పేరు లేదు. శుభ్రంగా నూనె రాసి, పసిబిడ్డని చుట్టినట్టు తెల్ల గుడ్డలో చుట్టి పంపుతున్నారు. మొదటిది కుషిరొ నుంచి, రెండోది నెమురొ నుంచి, మొన్నటిది రుమొయి నుంచి వచ్చాయి, అన్నీ మీ ఉత్తరాది రేవులే. ఫిర్యాదయితే ఏదో ఒకటి రాయాలి కదా? నువ్వు ఆ వైపు వాడివి. అక్కడేమైనా ఇలాంటి ఆచారం ఉందేమో కనుక్కో.

చేపలు తెగ తినకు, కీళ్ళనొప్పులు నీకు.

అక్క
సుజుఎ


హచినొహే
1999 అక్టోబరు 6

అక్కకి,

ఉత్తరం అందింది. సర్టిఫికెట్ సంగతి సంతోషం. నువ్వు పట్టిన పని వదలవని నాకు తెలుసు.

కొక్కేల గురించి అంత ఆలోచించకు. పాత పడవ విప్పేసిన వాళ్ళెవరో, గుర్తు చూసి పంపుతున్నారు. చెత్త ఇనుములో వేసెయ్. ఇంట్లో పెట్టుకోకు.

ఇంకో మాట. పాత కాగితాలన్నీ వరసలో పెడుతున్నావని ఊహిస్తున్నాను. అయిదేళ్ళు దాటినవి ఎవరూ అడగరు. ఇక్కడ మా ఫ్యాక్టరీలో కూడా కాల్చేస్తారు. నీకు దుమ్ము పడదు. ఆ ఇనప బీరువా తెరవకుండా అలాగే పాత సామానువాడికి ఇచ్చెయ్.

ఇక్కడ పీతల కాలం మొదలైంది. రోజూ ఐసు పగలగొట్టడంతోనే సరిపోతోంది.

యసుజి


సంజో
1999 అక్టోబరు 26

యసుజికి,

నా దుమ్ము దగ్గు ఇంకా గుర్తుపెట్టుకున్నావు. చదివి కళ్ళు చెమర్చాయి. కానీ నీ మాట వినలేకపోయాను. మనుషుల తలల మీద వేలాడే సామానుకి పదేళ్ళ కాగితాలు దాచాలని మా నియమంలో మేమే రాసుకున్నాం. రాసుకున్నాక చెయ్యక తప్పదు. మూతికి గుడ్డ కట్టుకుని బీరువా తెరిచాను.

యసుజీ, నేను రాసేది నిదానంగా చదువు.

3-17 లాటు పరీక్ష కాగితం దొరికింది. రెండు వందల నలభై కొక్కేలు. ఒక్కొక్కదాన్నీ లాగుడు మిషను మీద పెట్టి, మోయాల్సిన బరువుకి రెట్టింపు లాగి చూసినట్టు రాసి ఉంది. తేదీ 1991 ఫిబ్రవరి 18. పరీక్షించినవారి గడిలో, సంతకానికి బదులు వేసే మీ బావ పేరు ముద్ర ఉంది.

మీ బావ పోయింది ఫిబ్రవరి 11న. 13న దహనం చేశాం.

తేదీ తప్పు పడిందేమో అనుకున్నాను. అదీ కాదు. ఆ ఇనుము మన గేటులోకి వచ్చిందే 9న అని లారీ రసీదు ఉంది. అప్పటికి మీ బావ ఆసుపత్రిలో మాట పడిపోయి ఉన్నారు. పోనీ ఇంకెవరైనా ఆ ముద్ర వేశారనుకుందామా? ఆ ముద్రని నా చేత్తో, శవపెట్టెలో ఉన్న ఆయన చొక్కా జేబులో పెట్టి పంపాను. అక్కడ కూడా తనిఖీ చెయ్యమంటే కావాలిగా అని అన్నాను కూడా. ఏడుస్తూనే అందరూ నవ్వారు, నీకు గుర్తుండే ఉంటుంది. ఒరికుర అనే ఇంటిపేరుకి దుకాణంలో చేసిపెట్టిన ముద్రలు దొరకవు. ఆయనది గేదె కొమ్ముతో చెప్పి చేయించిందే. ముద్ర ఎప్పటిలాగే ఎడమకి కొద్దిగా వాలి ఉంది. ముప్పై ఏళ్ళు ఆ వాలు చూశాను నేను.

మొన్న నాలుగో కొక్కెం వచ్చింది. ఈసారి వక్కనై నుంచి. పోస్టు ముద్రలు చూస్తే అన్నీ ఇరవై మూడో తేదీవే. నెలకో ఊరు, తేదీ మాత్రం ఒకటే. మనం నెల నెలా, పోయినవాళ్ళు పోయిన తేదీన అగరొత్తి వెలిగిస్తామే, అలా అనిపించింది.

నాలుగింటినీ గోడకి వరసగా మేకులకి తగిలించాను. చెత్తలో వేయడానికి చెయ్యి రాలేదు. మర సమ్మెట ఆగినప్పుడు మిగతా ఇనుమంతా ఆగిపోతుంది. ఇవి మాత్రం ఆ తర్వాత కూడా కాసేపు సన్నగా మోగుతూ ఉంటాయి. మొరియా గారు వాటికి వీపు పెట్టి కూర్చోవడం మానేశారు. నిన్న వాటి కింద కీడు పోవడానికి ఉప్పు చల్లి, "నేను చల్లలేదు" అన్నారు.

మీ బావకి నాతో చెప్పాల్సింది ఏదో మిగిలిపోయిందా, యసుజీ?

అక్క


హచినొహే
1999 నవంబరు 2

అక్కా,

నువ్వు అలసిపోయావు. చచ్చిపోయినవాళ్ళు ముద్రలు వెయ్యరు. బావ ముద్రని పెట్టెలో పెట్టానని నువ్వు అనుకుంటున్నావు. ఆ మూడు రోజులు నువ్వు అన్నం తినలేదు, నిద్రపోలేదు. పెట్టాలనుకుని ఉంటావు, పెట్టి ఉండవు. మనసు అలాంటి మాయలు చేస్తుంది. ఒకసారి డాక్టరుకి చూపించుకో.

ఈ సర్టిఫికెట్ కొన్నాళ్ళు ఆపు. ఎనిమిది మంది కొలిమికి ఎందుకని నువ్వే అన్నావు. పాతవి తవ్వి ఎవరూ బాగుపడలేదు. గోడ మీదవి తీసెయ్. వాటి కింద ఎవరినీ నిలబడనివ్వకు.

యసుజి


సంజో
1999 నవంబరు 27

యసుజికి,

నీ ఉత్తరానికి పది రోజులు జవాబు రాయకూడదనుకున్నాను. నాకు మతి తప్పిందని నువ్వు అనుకోవడం కంటే, ఆ దొంగ కాగితం నేనే తయారుచేసి మర్చిపోయానని నువ్వు అనుమానపడుతున్నావన్నదే ఎక్కువ బాధ పెట్టింది. నీకు అలా అనిపించి ఉంటే తిన్నగా అడిగి ఉండాల్సింది. మొరియా గారిని అడిగాను. ముద్ర జేబులో పెట్టడం ఆయన కళ్ళారా చూశారట. కాబట్టి నా మతి నా దగ్గరే ఉంది.

సర్టిఫికెట్ ఆపలేదు. తొలి తనిఖీకి ఒనొదెరా అనే ఆవిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఎంత మెల్లగా మాట్లాడుతుందంటే కొలిమి ఆపితే తప్ప వినపడదు. రెండు రోజులు అన్నీ చూసింది. చివరి గంటలో ఆ కాగితం నేనే తీసి ఆవిడ ముందు పెట్టాను. పెట్టకపోతే ఆవిడకి తెలిసే అవకాశమే లేదు. కానీ గోడ మీద నాలుగు కొక్కేలు వేలాడుతూ ఉండగా ఏమీ లేనట్టు టీ పొయ్యడం నా వల్ల కాలేదు. చనిపోయినవాడి ముద్ర, తేదీలు, నా భయం అన్నీ చెప్పాను. మొరియా గారు పక్కనుంచి, దయ్యానికి శిక్షణ రికార్డు రాయలేదమ్మా, అదొక్కటే లోపం అన్నారు. ఆవిడ నవ్వలేదు.

"దయ్యమైతే దయ్యమనే రాయండి. నాకేం అభ్యంతరం లేదు. ఆ లాటులో మిగిలిన రెండు వందల ముప్పై ఆరు కొక్కేలు ఇప్పుడు ఎవరి తల మీద ఉన్నాయి?" అని అడిగింది.

నెల రోజులుగా నేను ఆ ముద్ర ఎవరు వేశారనే ఆలోచిస్తున్నాను. ఈ ప్రశ్న ఒక్కసారైనా రాలేదు.

మర్నాడు నాలుగింటినీ లాగుడు మిషను మీద పెట్టాం. మొదటిది మోయాల్సిన బరువులో సగానికే విరిగింది. విరగడానికి ముందు వంగలేదు, సాగలేదు. గాజుగ్లాసు పగిలినట్టు ఒక్క చప్పుడు, అంతే. విరిగిన చోట లోపలంతా ఉప్పు గల్లులా మెరుస్తోంది. నీళ్ళు పట్టించాక మళ్ళీ కాల్చి పెళుసు తీయలేదని మొరియా గారు చూడగానే చెప్పారు. చలిలో ఇంకా ఘోరమట. రెండోదీ అంతే. మిగతా రెండూ ఆగాయి.

అయిదోది నిన్న వచ్చింది. దాన్ని ఇంకా విప్పలేదు.

ఆ వారం కార్ఖానాలో ఉన్నది నువ్వూ నలుగురు పనివాళ్ళూ. వాళ్ళలో ముగ్గురు ఇప్పుడు లేరు, నాలుగో మనిషి మొరియా గారు అప్పుడు నాతో చావు పనుల్లో ఉన్నారు. ఆ మిషను సంగతి నీ చేతికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. బాగా గుర్తు చేసుకుని రాయి.

అక్క


హచినొహే
1999 డిసెంబరు 4

అక్కా,

నీ చేతికి తెలిసినంత అని రాశావు. నీకు మొదటి నుంచీ తెలుసన్నమాట. కొక్కేలు వచ్చాయని సెప్టెంబరులో రాసినప్పుడే అనుమానం వచ్చింది. నా నోటితోనే చెప్పించాలని నెలకో అడుగు ముందుకు వేస్తూ వచ్చావు. సరే, చెబుతాను.

నేనే చేశాను.

ఇరవయ్యో తేదీకి రెండు వందల నలభై అందించాలి. అందకపోతే జాలరులు వేరే కొలిమికి పోతారు, ఇంటి పెద్ద పోయిన కొలిమిని ఎవరూ నమ్మరని బావ ఆసుపత్రిలో ఉన్నప్పటి నుంచీ నాకు అదే భయం. మీరంతా చావు పనుల్లో ఉన్నారు. నేను నీళ్ళు పట్టించాను. తర్వాత రెండు రోజులు సన్న సెగ మీద ఉంచాలి. ఒక్క పూట ఉంచాను. లాగుడు మిషను మీద ఒకటి పెట్టాను. విరిగింది. రెండోది పెట్టాను, ఆగింది. మొదటిది పొరపాటున విరిగిందని నాకు నేను చెప్పుకున్నాను. మూడోది పెట్టలేదు. పెడితే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టే పెట్టలేదు.

పరీక్ష కాగితంలో నా ముద్ర వేస్తే సమాఖ్య ఒప్పుకోదు. వాళ్ళకి బావ ముద్రే ముఖ్యం. బావ పోయారని వాళ్ళకి ఇంకా తెలియదు. పెట్టెకి మేకులు కొట్టే ముందు అందరూ చివరిసారి పూలు పెడుతున్నారు. నేను బావ కాలరు సర్దుతున్నట్టు వంగి జేబులోంచి తీశాను. ఇది ఎవరికీ చెప్పలేదు: పెట్టెలో చుట్టూ పొడి ఐసు పెట్టారు కదా, బావ గడ్డం తగిలి నా వేళ్ళు కొంకర్లు పోయాయి. ముద్ర మాత్రం వెచ్చగా ఉంది. ఇప్పుడే ఎవరో వాడి పెట్టినట్టుంది. కాగితం మీద తిన్నగానే వెయ్యాలని చూశాను. దానంతటదే ఎడమకి వాలింది. ముద్ర వేసిన సాయంత్రమే షినానొ వంతెన మీంచి దాన్ని ఏట్లోకి విసిరేశాను.

నాలుగు నెలలు ఉండలేక ఉండి, నీ మీద ఏదో పోట్లాట పెట్టుకుని వచ్చేశాను. ఐసు ఫ్యాక్టరీ అయితే ఇనుము కనపడదనుకున్నాను. కానీ రేవు నిండా కొక్కేలే. ఎనిమిదేళ్ళుగా ఏ కొక్కెం కిందా నిలబడలేదు. ఒకసారి సార్డీన్ పడవ ఒకటి వచ్చింది. ఐసు అందిస్తూ తల ఎత్తితే సరిగ్గా నా నెత్తి మీద 3-17. ఐసు దిమ్మ అక్కడే వదిలి పారిపోయాను. దాన్ని తీసెయ్యమని ఆ పడవవాళ్ళకి చెప్పలేదు. అన్నిటికంటే అదే పెద్ద తప్పు.

ఒక్కటి మాత్రం నమ్ము. ఆ కొక్కేలు నీకు పంపుతున్నది నేను కాదు. ఎవరో నాకు తెలియదు.

యసుజి


సంజో
1999 డిసెంబరు 9

యసుజికి,

నాకు తెలియదు. నీ ఉత్తరం చదివేదాకా నాకు ఏమీ తెలియదు. నీ చేతికి మిషను బాగా తెలుసని మెచ్చుకుంటూ రాశాను. దాన్ని నువ్వు అలా చదువుకున్నావు.

మూడు ఉత్తరాలు రాసి చించేశాను. చనిపోయినవాడి జేబులో చెయ్యి పెట్టిన సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఎప్పుడో నాకు తెలియదు. ముందు కొక్కేలు.

నువ్వు రాసినదంతా తేదీలతో, చేతిరాతతో వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపు. ఒనొదెరా గారి మాటలో దీనికి ఒక పేరుంది: చెయ్యి దాటిపోయిన లోపపు సరుకు. మేం రాసుకున్న నియమాల్లోనే దానికి ఒక పేజీ ఉంది. అవసరం రాదనుకుంటూ అక్టోబరులో నేనే రాశాను. అందులో ఉన్నట్టే చేస్తున్నాను. సమాఖ్యకి ఫోను చేశాను. నూట పన్నెండు రేవులకి పెద్ద అక్షరాలతో ప్రకటన పంపుతున్నాం: 3-17 నంబరున్న కొక్కెం వెంటనే దించండి, కొత్తది పంపుతాం, తప్పు మాది. చివరి రెండు మాటలు తీసెయ్యమని ప్రెస్సువాడు సలహా ఇచ్చాడు. తియ్యలేదు.

సర్టిఫికెట్ ఆగింది. సమాఖ్య ఆర్డరు కూడా ఆపింది. కొత్తగా చేరిన ఇద్దరినీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. వెళ్ళిపోతామంటారనుకున్నాను. ఉంటామన్నారు.

నీకు కాళ్ళున్నాయి. రేవులన్నీ ఆ వైపే ఉన్నాయి.

సుజుఎ


అఒమొరి ఓడరేవు
2000 జనవరి 7

అక్కకి,

సెలవు కుదరదన్నారు, ఉద్యోగం మానేశాను. సంతకం చేసిన కాగితం వేరుగా పంపాను. ఇప్పటికి పదకొండు రేవులు తిరిగాను. నీ ప్రకటన ప్రతి సంఘం తలుపు మీదా అంటించి ఉంది. అయినా పని ఉన్నప్పుడు ఎవరూ తల ఎత్తి చూడరు. నేనే నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తున్నాను. ముప్పై నాలుగు దించాను.

ఒక రేవులో ముసలి సరంగు ఒకాయన, "తొమ్మిదేళ్ళు మోసిందయ్యా, ఇవాళ కొత్తగా ఏమొచ్చింది?" అన్నాడు. నేను సుత్తితో ఒక్కటి కొట్టాను. రెండు ముక్కలైంది. ఆయన చాలాసేపు ముక్కల వైపు కాకుండా నా మొహం వైపే చూశాడు. తర్వాత తన మనుషులని పిలిచి, పక్క పడవలు కూడా వెతకమని చెప్పాడు.

కొక్కెం కింద నిలబడటం మొదటిరోజు చాలా కష్టమైంది. ఇప్పుడూ కష్టంగానే ఉంది.

యసుజి


సంజో
2000 ఫిబ్రవరి 14

యసుజికి,

మంచు నడుం లోతు పడింది. కొలిమి కప్పు మీద ఉన్నదాన్ని తోయడానికే సగం పూట పడుతోంది.

లెక్క చెబుతాను. నూట డెబ్బై ఒకటి దొరికాయి. నలభై పడవలతోపాటు విప్పేశారని ఆయా సంఘాలు రాసిచ్చాయి. మిగిలినవాటి జాడ లేదు, వెతుకుతూనే ఉంటాం. పోయిన వారం ఒనొదెరా గారు మళ్ళీ వచ్చి అంతా చూసి, సర్టిఫికెట్‌కి సిఫారసు చేశారు. సమాఖ్య పెద్దమనిషి స్వయంగా వచ్చాడు. తొమ్మిదేళ్ళ కిందటి సరుకు గురించి ఫోను చేసి తప్పు మాది అన్నవాళ్ళని తన జన్మలో చూడలేదట. ఆర్డరు మొదలైంది, అదీ ఇదివరకటికి రెట్టింపు. కోబెవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. ఏప్రిల్లో ఇంకో కొలిమి వెయ్యాలి. సంతోషంగా రాయాల్సిన కబురే ఇది. అలా రాయలేకపోతున్నాను. కింద చదువు.

కొక్కేలు పంపుతున్నది ఎవరో తెలిసింది. ఎరిమొ దగ్గర ఒక చిన్న రేవులో ఉంటుంది. పేరు కుదొ ఇనె. అరవై మూడేళ్ళు, సముద్రపు నాచు ఎండబెట్టి బతుకుతుంది. ప్రకటన చూసి ఉత్తరం రాసింది. ఉన్నదున్నట్టు దించుతున్నాను.

"మా ఆయన వించి దగ్గర పని చేసేవాడు. రెండేళ్ళ కిందట జనవరి ఇరవై మూడున వల లాగుతుంటే కొక్కెం విరిగింది. ఆ దెబ్బకి సముద్రంలో పడ్డాడు. దొరకలేదు. చలికి ఇనుము విరగడం మామూలేనన్నారు. సగం ముక్క డెక్కు మీద మిగిలితే నేను తెచ్చుకున్నాను. దాని మీద గుర్తూ నంబరూ ఉన్నాయి. సీజను లేనప్పుడు బస్సెక్కి రేవులు తిరిగి, ఆ నంబరున్నది కనపడితే అడిగి తీసుకుని, ఆయన తేదీన అక్కడి నుంచే మీకు పోస్టు చేశాను. ఉత్తరం రాయడం రాక కాదు. నేను అడిగాక జవాబు చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. అడక్కుండానే వెతుక్కునేవాళ్ళా కాదా అని చూశాను. ఇక పంపను."

యసుజీ, ఇది చదివి నేను కొలిమి ఆపించాను. ఎందుకు ఆపానో ఎవరూ అడగలేదు.

నీ సంతకం కాగితం నకలు, ఇనె గారి ఉత్తరం, రెండూ తీరరక్షక కార్యాలయానికి పంపాను. పిలుస్తారు. వెళ్ళు. దానికంటే ముందు వెళ్ళాల్సిన చోటు నీకు తెలుసు. నేను తోడు వస్తానని రాసి కొట్టేశాను. ఇది నువ్వు ఒంటరిగా చెయ్యాల్సిన పని.

మఫ్లరు ఒకటి పంపుతున్నాను. ఎరిమొలో గాలి మనుషుల్ని పడేస్తుందట.

అక్క


ఎరిమొ
2000 ఫిబ్రవరి 23

అక్కకి,

బస్సులో ఇక్కడ దిగింది నేనొక్కడినే. ఇనె గారి ఇల్లు ఎక్కడని అడగాల్సిన పని పడలేదు. ఆవిడ రోడ్డు మీద నిలబడి ఉంది. వస్తానని నేను రాయలేదు. నువ్వు రాశావా? ఆవిడని అడిగితే, ఇవాళ ఇరవై మూడు కదా అంది.

చిన్న మనిషి. నా భుజం దాకా కూడా రాదు. ఇంట్లోకి తీసుకెళ్ళి స్టవ్ పక్కన కూర్చోబెట్టి, నాచు వేసిన పులుసూ అన్నమూ పెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని, తల నేలకి ఆనించి, చెప్పాల్సిందంతా చెప్పడం మొదలుపెట్టాను. మొదటి మాటకే ఆపింది. తిన్నాక చెప్పమంది. తిన్నాక చెప్పబోతే, గిన్నెలు కడిగి వస్తానంది. కడిగి వచ్చి కోటు వేసుకుంది.

"నాకెందుకు చెబుతావు? పడింది నేను కాదు. పద."

రేవు గోడ చివరిదాకా తీసుకెళ్ళింది. అటూ ఇటూ రాళ్ళన్నీ మంచు గడ్డకట్టి తెల్లగా ఉన్నాయి. పట్టపగలే ఆకాశమూ నీళ్ళూ ఒకటే రంగు. గాలికి నిలబడలేక గోడ పట్టుకున్నాను. ఆవిడ ఏమీ పట్టుకోకుండా నిలబడింది. నీళ్ళ వైపు చూపించి, చెప్పమంది.

నేను చెప్పాను. నా పేరు, ఊరు, ఏ రోజు ఏం చేశానో, ఏం చెయ్యలేదో. విరిగిన మొదటి కొక్కెం సంగతి. మూడోది పెట్టని సంగతి. గాలి నా మాటల్ని నా నోట్లోకే తోసేస్తోంది.

"మా ఆయనకి చెముడు. వించి పక్కన ముప్పై ఏళ్ళు పనిచేశాడు. గట్టిగా చెప్పాలి" అంది.

రెండోసారి గట్టిగా చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మూడోసారి అరిచాను. అక్కా, అంత గొంతు నాలో ఉందని నాకు తెలియదు. చివరి మాట అయ్యేసరికి గాలి ఆగింది. నేను కల్పించి రాయడం లేదు. అలలు ఉన్నాయి, చప్పుడు లేదు. గోడ పక్కన నీళ్ళు ఎవరో కింద నుంచి చూస్తున్నట్టు నున్నగా అయ్యాయి. ఎంతసేపో తెలియదు. నేను వెనక్కి అడుగు వెయ్యబోతే ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ చెయ్యి ఒక్కటే వెచ్చగా ఉంది.

తర్వాత గాలి మళ్ళీ మొదలైంది.

"విన్నాడు. నన్ను చూడకు, ఆయన ఏమన్నాడో నాకూ తెలియదు. పద, చలేస్తోంది" అంది.

తీరరక్షకుల ఆఫీసుకి సోమవారం రమ్మన్నారు. అంతదాకా ఇక్కడే ఉండి, నాచు కట్టలు గోదాములో సర్దిపెట్టమంది. సర్దుతున్నాను.

తమ్ముడు
యసుజి